వీసా తేదీ దగ్గరపడితే ఆమె ముఖంలో నెత్తుటి చుక్క ఉండదు

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. పీఆర్ (శాశ్వత నివాస వీసా) వచ్చి మూడేళ్లయింది. డాండెనాంగ్ దగ్గర ఏజ్డ్ కేర్‌లో (వృద్ధుల సంరక్షణ కేంద్రంలో) నాతోపాటు ఒక శ్రీలంక తమిళామె పనిచేస్తోంది. నన్ను ‘అక్కా’ అంటుంది, మా ఇంట్లో మనిషిలా కలిసిపోయింది. 2012 చివర్లో భర్తతో, ఆరేళ్ల కూతురితో పడవలో వచ్చారట. శరణార్థులుగా గుర్తించమన్న కేసు ఓడిపోయి, ఇప్పటికీ బ్రిడ్జింగ్ వీసా ఇ (వేరే వీసా లేనివారికి కొన్నాళ్ల గడువుతో ఇచ్చే తాత్కాలిక వీసా) మీదే ఉన్నారు. ఆ వీసా తేదీ దగ్గరపడుతోందంటే చాలు, ఆమె ముఖంలో నెత్తుటి చుక్క ఉండదు. నిద్రపోదు, ఫోన్ ఎత్తదు, చెప్పిన పని మర్చిపోతుంది. పోయినసారి కొత్త వీసా ఆలస్యమై మూడు వారాలు రోస్టర్‌లోంచి తీసేశారు. కూతురు పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసై ఇంట్లో కూర్చుంది. ఇక్కడే పుట్టిన కొడుక్కి ఈమధ్యే పదేళ్లు నిండాయి. మళ్లీ వీసా తేదీ ఆరు వారాల్లో ఉంది. నేనేం చేయగలను? స్పాన్సర్ చేయొచ్చా? 2023లో ఇలాంటి వాళ్లకి పీఆర్ ఇచ్చారని విన్నాను, మరి వీళ్లకెందుకు రాలేదు? ‘వాళ్ల గొడవలో తలదూర్చకు, మన సిటిజన్‌షిప్‌కి ఎసరొస్తుంది’ అంటున్నారు మావారు. ఇంకో మాట. మా మరిది స్టూడెంట్ వీసా అయిపోవస్తోంది. ‘రెఫ్యూజీ వీసాకి వేసెయ్, ఏళ్ల తరబడి పనిచేసుకోవచ్చు’ అని ఒక ఏజెంటు చెబుతున్నాడట. వేయొచ్చా?
— ఒక సోదరి, మెల్‌బోర్న్

సమాధానం: మీవారి భయంతో మొదలుపెడదాం, అది తేలిగ్గా తీరేది. సాటి ఉద్యోగికి సాయం చేసినందుకు మీ పీఆర్‌కి గాని, సిటిజన్‌షిప్ దరఖాస్తుకి గాని ఏ ఇబ్బందీ రాదు. అక్కడ చూసేది మీరు ఎంతకాలం ఉన్నారు, మీ నడవడిక ఎలాంటిది అన్నదే తప్ప మీ స్నేహితుల వీసాలు కాదు. ఆమెను లాయర్ దగ్గరికి కారులో తీసుకెళ్లండి, ఉత్తరం చదివి అర్థం చెప్పండి, ఫారం టైపు చేసిపెట్టండి. ఇవన్నీ చేయొచ్చు. ఒక్క గీత మాత్రం దాటకండి. ఏ వీసాకి వేయాలి, కేసులో ఏం రాయాలి అని సలహా చెప్పకండి. ఆస్ట్రేలియాలో ఆ పని లాయర్లదీ, రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంట్లదీ. అనువాదం చేయడం, ఫారం నింపడంలో చేతిసాయం చేయడం చట్టం దృష్టిలో వీసా సలహా కిందికి రావు. కేసు మలుపు తిరిగే మాట మీ నోటి నుంచి వస్తే మాత్రం, అది తప్పయినప్పుడు నష్టపోయేది ఆమె.

స్పాన్సర్ చేయడం కుదరదు. పడవలో వచ్చినవారి మీద వలస చట్టం 46ఎ సెక్షన్ కింద ఒక అడ్డుంటుంది. ఇమ్మిగ్రేషన్ మంత్రి స్వయంగా ఆ అడ్డు తీస్తే తప్ప, దేశంలో ఉండగా వాళ్లు పెట్టే దరఖాస్తు అసలు దరఖాస్తుగానే చెల్లదు. అంటే ‘ఏజ్డ్ కేర్‌లో పనిచేస్తోంది కదా, యజమాని చేత స్పాన్సర్ చేయిస్తా’ అని ఎవరైనా డబ్బులడిగితే, చట్టం తెలియకైనా అడుగుతున్నాడు, తెలిసి మోసమైనా చేస్తున్నాడు. ఏజెంటైతే ఏడంకెల రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఏజెంట్ల రిజిస్ట్రేషన్ సంస్థ జాబితాలో ఆ పేరుందో లేదో ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. లాయర్లకు మాత్రం 2021 మార్చి నుంచి ఆ నంబరు అక్కర్లేదు, ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉంటే చాలు. కాబట్టి నంబరు లేని ప్రతివాడూ దొంగ అని కూడా అనుకోకండి.

2023లో ఏం జరిగిందో తెలిస్తే ఆమె ఎక్కడ చిక్కుకుందో మీకు అర్థమవుతుంది. 2012 ఆగస్టు 13 నుంచి పడవల్లో వచ్చినవారిని ఏళ్ల తరబడి దరఖాస్తే పెట్టుకోనివ్వలేదు. 2014 డిసెంబరులో వాళ్లకోసం ‘ఫాస్ట్ ట్రాక్’ అనే వేరే విధానం తెచ్చారు. అందులో గెలిచినా దొరికేది తాత్కాలిక వీసానే, ఒకటి మూడేళ్లది, ఇంకొకటి ఐదేళ్లది. ఓడిపోతే కేసు ఇమ్మిగ్రేషన్ అసెస్‌మెంట్ అథారిటీకి వెళ్లేది. అక్కడ సాధారణంగా మనిషిని పిలిచి వినేవారు కాదు, కాగితాలు చూసి తేల్చేసేవారు. కొత్త ఆధారం చూపించాలంటే అసాధారణ కారణం ఉండాలి. ఆ తర్వాత కోర్టు ఉన్నా, కోర్టు చూసేది చట్టపరమైన పొరపాటు జరిగిందా అన్నదే. ఆమె చెప్పింది నిజమా కాదా అన్న జోలికి పోదు. 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ తాత్కాలిక వీసాలున్న దాదాపు 19,000 మందికి శాశ్వత వీసా దారి తెరిచింది. అదే రిజల్యూషన్ ఆఫ్ స్టేటస్ వీసా. ఫాస్ట్ ట్రాక్‌లో ఓడిపోయినవారిని అందులో చేర్చలేదు. ఆ అథారిటీ కూడా 2024 అక్టోబరు 14న మూతపడింది, దాని తీర్పులు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకే పడవలో వచ్చి, ఒకే ఊరి కథ చెప్పిన రెండు కుటుంబాల్లో ఒకరు ఇవాళ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటుంటే ఇంకొకరు ఆరు నెలలకోసారి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటున్నారు. ఇది అన్యాయమని మేం నిస్సంకోచంగా చెబుతాం.

ఇక మీరడిగిన అసలు సంగతి. తేదీ దగ్గరపడినప్పుడు ఆమె అలా అయిపోవడం పిరికితనం కాదు. మనకు వీసా గడువు అంటే మరో వీసాకి దరఖాస్తు పెట్టుకునే రోజు. అసలు వీసా చేతిలో ఉండగా ఇంకోదానికి వేస్తే, మధ్యలో బ్రిడ్జింగ్ వీసా దానంతటదే వస్తుంది కాబట్టి మనకా భయం తెలియదు. బ్రిడ్జింగ్ వీసా ఇ విషయంలో అలా జరగదు. కొత్తదానికి దరఖాస్తు పెట్టినంత మాత్రాన పాతది పొడిగింపు కాదు. కొత్తది మంజూరయ్యేలోపు పాతదాని తేదీ దాటితే ఆ మధ్య రోజులకు ఆమె దగ్గర వీసానే లేనట్టు. అప్పుడు పనిచేసే హక్కు పోతుంది, మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆగిపోతుంది, చట్టప్రకారం నిర్బంధంలోకి తీసుకోదగిన మనిషవుతుంది. వీసా లేనివారికి పనిచ్చిన యజమానికి జరిమానా ఉంటుంది గనుక హెచ్‌ఆర్ వాళ్లు వీవోలో (వీసా వివరాలు చూపించే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో) చూసి, తేదీ దాటగానే రోస్టర్‌లోంచి పేరు తీసేస్తారు. పోయినసారి జరిగింది అదే. ఆ మూడు వారాల జీతంతో పోయేది కాదు ఇది. అద్దె వెనకబడుతుంది, ఇంటి ఓనరు దగ్గర మాట పోతుంది, అప్పు పుడుతుంది, ఆ అప్పు తీరేసరికి మళ్లీ తేదీ వస్తుంది.

పైకి కనిపించని భయాలు ఇంకా ఉన్నాయి. ఈ వీసాదారు మీద నేరం రుజువు కానక్కర్లేదు, పోలీసులు కేసు పెడితే చాలు, వీసా రద్దు చేసే అధికారం ప్రభుత్వానికుంది. అందుకే వీళ్లు పక్కింటివాళ్లతో మాట పెరగనివ్వరు, కారు గీసుకుపోయినా నోరెత్తరు, తమకే అన్యాయం జరిగినా పోలీసులకు ఫోన్ చేయడానికి జంకుతారు. దేశం దాటితే తిరిగి రానివ్వరు. ఊళ్లో అమ్మో నాన్నో పోతే కడచూపు వాట్సాప్ వీడియోలోనే. దహనం అయ్యాక ఫోన్ పక్కన పెట్టేసి మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చినవాళ్లున్నారు. సహోద్యోగులకు అది తెలియను కూడా తెలియదు.

ఇదంతా ఆరోగ్యం మీద ఏం చేస్తుందో ఆస్ట్రేలియాలో చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. సిడ్నీలోని మాండియన్ (ఇరాక్, ఇరాన్‌లకు చెందిన ఒక చిన్న మతవర్గం) శరణార్థుల మీద 2006లో వచ్చిన అధ్యయనం నిర్బంధంలో గడిపిన కాలంతో పాటు, తాత్కాలిక వీసా కూడా విడిగా మానసిక వ్యాధులకు కారణమవుతోందని తేల్చింది. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏంజెలా నికర్సన్ బృందం 1,085 మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం మీకు మరింత పనికొస్తుంది. అందులో తమిళంలో జవాబులిచ్చినవారూ ఉన్నారు. శాశ్వత వీసా లేనివారిలో గత భయాలు తిరగబెట్టడం, కుంగుబాటు, చచ్చిపోవాలన్న ఆలోచన బాగా ఎక్కువ. అయితే రోజువారీ పనులు చేసుకోవడంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. మీరు రోజూ చూస్తున్నది కూడా ఇదే. ఆమె షిఫ్టుకి వస్తుంది, పెద్దవాళ్లకి స్నానం చేయిస్తుంది, నవ్వుతుంది. పనిచేస్తోంది గదా, బాగానే ఉందని అనుకుంటే పొరపాటు.

అదే అధ్యయనంలో ఇంకో విషయం బయటపడింది. ఏ సంఘంలోనూ, ఏ గుంపులోనూ పెద్దగా చేరకుండా ఉన్నవారిలో, శాశ్వత వీసా లేనివారికి కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచన ఆ వీసా ఉన్నవారికంటే చాలా ఎక్కువ. ఎక్కువ గుంపుల్లో ఉన్నవారిలో ఆ తేడా కనిపించలేదు. వీసా మీ చేతిలో లేదు, ఇది మీ చేతిలో ఉంది. పండక్కి ఒక్కసారి పిలిచి భోజనం పెట్టి పంపితే సరిపోదు. వారం వారం వెళ్లాల్సిన చోటు, అక్కడ ఆమెకంటూ ఒక పని ఉండాలి. క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయానికి తమిళులూ వస్తారు, మనవాళ్లూ వస్తారు. మీరు వెళ్లే రోజున వంటశాలలో సేవకి తోడు తీసుకెళ్లండి. మీ తెలుగు సంఘంలో చేర్చాలనుకుంటే ముందు సభ్యత్వ ఫారం చూడండి. వీసా వివరం అడిగే గడి ఉంటే నిర్వాహకులతో మాట్లాడి తీయించండి. ఆ గడి చూసి ఆమె మళ్లీ రాదు, ఎందుకు రాలేదో కూడా చెప్పదు.

ఇప్పుడు ఈ ఆరు వారాలు. ఈ వారమే ఇద్దరూ కూర్చుని రెండు కాగితాలు ముందు పెట్టుకోండి. మొదటిది పోయినసారి వీసా మంజూరు ఉత్తరం, రెండోది వీవోలో ఇవాళ కనిపించే వివరాల ప్రింటు. రెండింట్లో తేదీ, షరతులు ఒకటేనా చూడండి. ఇమ్మికార్డ్ (ఇలాంటి వీసాదారులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) మీదున్న తేదీ వీసా తేదీ కాదు, అది కార్డు గడువు మాత్రమే. ఆ రెండూ కలగలిపి చూసి, కార్డు మీద ఇంకా రెండేళ్లుందిలే అని కూర్చున్నవాళ్లూ ఉన్నారు. కార్డు గడువు అయిపోయిందని వీసా ఉన్న మనిషిని పనిలోంచి ఆపేసిన యజమానులూ ఉన్నారు. షరతుల్లో నాలుగంకెల నంబర్లుంటాయి. 8101 ఉంటే పని చేయకూడదు, 8207 ఉంటే చదువుకోకూడదు, 8506 ఉంటే ఇల్లు మారడానికి కనీసం రెండు పనిదినాల ముందే వీసాలు చూసే ప్రభుత్వ శాఖకు చెప్పాలి. భర్త ఉత్తరం, కూతురి ఉత్తరం విడిగా చూడండి. ఒకే ఇంట్లో ఒకరికి లేని షరతు ఇంకొకరికి ఉండొచ్చు.

అదే వారంలో లాయర్ అపాయింట్‌మెంట్ అడగండి. మెల్‌బోర్న్‌లో రెఫ్యూజీ లీగల్, అసైలమ్ సీకర్ రిసోర్స్ సెంటర్ ఇలాంటి కేసులు ఉచితంగా చూస్తాయి, కానీ జనం ఎక్కువ, పిలుపు రావడానికి సమయం పడుతుంది. ఆరు వారాల ముందే అడగమంటున్నది అందుకే. లాయర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: కొత్త బ్రిడ్జింగ్ వీసాకి ఈ కుటుంబం తమంతట తాము 1008 ఫారం పెట్టుకోవచ్చా, లేక మంత్రి అధికారం ద్వారానే రావాలా? పడవలో వచ్చినవారిలో రెండు రకాలూ ఉన్నారు, దారి తప్పితే నెలలు పోతాయి. రెండో ప్రశ్న: మంత్రి జోక్యం కోరడానికి ఇప్పుడు కొత్త కారణమేమైనా ఉందా? తిరస్కరణ అయ్యాక రెండోసారి శరణార్థి వీసాకి వేయనివ్వరు, 48ఎ సెక్షన్ అడ్డు. మిగిలేది మంత్రి విచక్షణ ఒక్కటే. ఆ అర్జీని పట్టించుకుని తీరాలన్న బాధ్యత మంత్రికి లేదు. అందుకే అర్జీలో పాత కథే మళ్లీ రాస్తే ఫలితం ఉండదు. తీర్పు తర్వాత మారినవేమిటో కనబడాలి. పిల్లల చదువు, ఆరోగ్య పరిస్థితి, శ్రీలంకలో వాళ్ల ఊరి పరిస్థితి, ఇక్కడి ఉద్యోగం లాంటివి. మీరు ఒక ఉత్తరం రాసివ్వొచ్చు. ‘చాలా మంచి మనిషి’ అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు. ఎన్నేళ్లుగా తెలుసు, ఏ పని ఎలా చేస్తుంది, ఆమె లేకపోతే ఏ షిఫ్టు నడవదు, ఇవి రాయండి.

నాలుగు వారాలున్నప్పుడు హెచ్‌ఆర్‌తో మాట్లాడించండి. ఆమె ఇష్టపడితేనే మీరు పక్కన ఉండండి. అడగాల్సింది దయ కాదు, ఏర్పాటు. కొత్త వీసా ఆలస్యమైతే ఉద్యోగంలోంచి తీసేయకుండా సెలవు కింద రాసుకోమనండి, మిగిలిన యాన్యువల్ లీవ్ ఆ రోజులకు వాడుకోనివ్వమనండి. ఈ మాట ముందే ఈమెయిల్‌లో ఉంటే, తేదీ దాటిన రోజు ఎవరో కొత్త మేనేజర్ కంగారుపడి కాంట్రాక్టు ముగించేసే ప్రమాదం తగ్గుతుంది. దరఖాస్తు అందిందన్న రసీదు చూపించి పని చేయనివ్వమని మాత్రం అడగొద్దు, ఆ రసీదు పనిహక్కు కాదు. వీసా చూపించి బెదిరించి తక్కువ జీతానికో, అదనపు గంటలకో పని చేయించుకోవడం 2024 జులై 1 నుంచి నేరం. జీతం, సెలవుల హక్కులు వీసాతో పనిలేకుండా అందరికీ ఒకటే. ఈ సంగతి ఆమెకు తెలియకపోవచ్చు, చెప్పండి.

గడువుకి ఇంకా మూడు వారాలుండగానే కొత్త దరఖాస్తు వెళ్లిపోవాలి. వెళ్లిన ఈమెయిల్ కాపీ, తేదీతో సహా ఒక ఫైల్లో పెట్టండి. వారం ముందు మందులు. బీపీ, షుగరు, నిద్రమాత్రలు, ఏవున్నా మెడికేర్ పనిచేస్తుండగానే ప్రిస్క్రిప్షన్ రాయించుకుని తెచ్చేసుకోవాలి. రక్తపరీక్షలు వాయిదా వేసుకుని ఉంటే ఆ వారమే కానిచ్చేయండి. ఇదంతా చేశాక కూడా మధ్యలో ఖాళీ రోజులు రావొచ్చు. విక్టోరియాలో మెడికేర్ లేకపోయినా ఆశ్రయం కోరుతున్నవారికి ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, అత్యవసరంలో అంబులెన్సు ఉచితమే. బిల్లు చేతికొస్తే భయపడి దాచేయొద్దు, ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడిగితే రద్దు చేయిస్తారు. తేదీ రోజు ఉదయం, ఆ తర్వాత రోజూ వీవో చూడండి. కొత్త వీసా ఉత్తరం కంటే ముందే అందులో కనిపించొచ్చు. కనిపించగానే వీవో నుంచే ఆ వివరాలు హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ చేయించి, మెడికేర్ ఆఫీసులో కార్డు పొడిగింపుకి అడిగితే సరిపోతుంది.

ఆమె ఫోన్ ఎత్తడం లేదన్నారు. ఈమెయిల్ కూడా తెరవడం లేదేమో మెల్లగా కనుక్కోండి. ఈ పరిస్థితిలో చాలామంది శాఖ నుంచి వచ్చినదేదీ తెరవరు, అందులో ఏముందో చూసే ధైర్యం చాలక. కానీ చట్టం లెక్కలో, పంపిన రోజు ముగిసేసరికి ఆ ఈమెయిల్ అందినట్టే. తిరస్కరణల మీద అప్పీలు గడువులు, కోర్టుకి వెళ్లడానికి ఉన్న 35 రోజులు, అన్నీ ఆ తేదీల మీదే నడుస్తాయి. వారంలో ఒక సాయంత్రం పెట్టుకోండి. టీ తాగుతూ ఆమె పక్కన కూర్చోండి, ఆమే తెరుస్తుంది, మీరు చదువుతారు. పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకోకండి. ఇప్పటికే జీవితమంతా ఇతరుల చేతుల్లో ఉన్న మనిషి ఆమె.

పిల్లల సంగతి. కొడుకు విషయంలో మీరు శుభవార్తే రాశారు, బహుశా మీకే తెలియకుండా. ఆస్ట్రేలియాలో పుట్టి, పదో పుట్టినరోజు దాకా ఇక్కడే నివసించిన బిడ్డ పౌరసత్వ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆ రోజున తనంతట తానే పౌరుడైపోతాడు. తల్లిదండ్రుల వీసా ఏదైనా సరే. చేయాల్సింది పౌరసత్వ రుజువు కోసం దరఖాస్తు. జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు, కిండర్ నుంచి బడి హాజరు దాకా, పదేళ్లూ ఇక్కడే ఉన్నట్టు ఏ ఏటికాయేడు కాగితం సేకరించాలి. దీనివల్ల తల్లిదండ్రులకు వీసా హక్కేమీ రాదు, ఆ ఆశ పెట్టకండి. కానీ పిల్లవాడి మెడికేర్, పాస్‌పోర్టు, రేపటి చదువు ఇక తల్లి వీసా తేదీతో ముడిపడి ఉండవు. మంత్రికి పెట్టే అర్జీలో అది చెప్పుకోదగ్గ కొత్త కారణం కూడా. లాయర్‌కి ఈ విషయం మొదటి అపాయింట్‌మెంట్‌లోనే చెప్పాలి.

కూతురిది కష్టం. యూనివర్సిటీలు ఆమెను విదేశీ విద్యార్థి కిందే లెక్కగట్టి పూర్తి ఫీజు అడుగుతాయి, ప్రభుత్వ ఫీజు రుణం రాదు. పన్నెండేళ్లు ఇక్కడి బళ్లో చదివిన పిల్లకి ఇది చెప్పలేని అవమానం. తన క్లాసువాళ్లంతా కాలేజీ ఫొటోలు పెడుతుంటే ఫోన్ పక్కన పడేసుకుని కూర్చుంటుంది. దారులు రెండున్నాయి. కొన్ని యూనివర్సిటీలు ఆశ్రయం కోరుతున్నవారికి ప్రత్యేకంగా పూర్తి ఫీజు స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాయి. సీట్లు తక్కువ, దరఖాస్తులు ముందు ఏడాదిలోనే మొదలవుతాయి, పాత బడిలోని కెరీర్స్ టీచర్‌ని పట్టుకుంటే గడువులు చెబుతారు. రెండోది టేఫ్, అంటే వృత్తివిద్య నేర్పే ప్రభుత్వ కాలేజీ. విక్టోరియాలో ఆశ్రయం కోరుతున్నవారికి ప్రభుత్వ రాయితీ సీట్లిచ్చే పథకం ఉంది. నర్సింగ్ డిప్లొమా లాంటిది చేస్తే వెంటనే పనికొస్తుంది, తర్వాత డిగ్రీలో కలుపుకునే అవకాశమూ ఉంటుంది. రెంటికీ ముందు 8207 షరతు లేదని తేల్చుకోవాలి.

మాటల విషయానికొస్తే, ‘ఇంకా రాలేదా?’ అని అడగకండి. వచ్చిననాడు ఆమే చెబుతుంది. ‘యుద్ధం 2009లోనే అయిపోయింది కదా, వెళ్లిపోవచ్చుగా’ అని మీ ఇంటికొచ్చిన వాళ్లెవరైనా అంటే మీరే అడ్డుపడండి. అక్కడినుంచి ఎందుకొచ్చారో పూర్తి కథ చెప్పించుకోవద్దు, ఫేస్‌బుక్‌లో ఆమె గురించి రాయొద్దు, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే. ఊళ్లో ఉన్నవాళ్లకి దానివల్ల ముప్పు రావొచ్చు. ‘అంతా మంచే జరుగుతుంది’ అన్న మాట పదమూడేళ్లలో ఆమె వెయ్యిసార్లు విని ఉంటుంది. దానికంటే ‘గురువారం నాలుగింటికి వస్తున్నా’ అని చెప్పి నాలుగింటికి వెళ్లడం మేలు. డబ్బు ఇవ్వాలనిపిస్తే అప్పుగా ఇవ్వకండి, ఆ నెల కరెంటు బిల్లో బడి ఫీజో కట్టేయండి. మీ స్తోమత ఎంతో ముందే మీవారితో కలిసి అనుకుని అంతవరకే చేయండి.

‘నేను లేకపోతేనే వీళ్లకి నయం’ లాంటి మాట వినబడినా, తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, ఈసారి దరఖాస్తే పెట్టనని అన్నా సూటిగా అడిగేయండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అలా అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే 000కి, లేదంటే లైఫ్‌లైన్ 13 11 14కి ఫోన్ చేయండి. తమిళ దుబాసీ కావాలంటే 131 450. అంతదూరం రాకముందే ఫౌండేషన్ హౌస్‌కి పంపడం మంచిది. చిత్రహింసలు, యుద్ధం చూసినవారికి అక్కడ కౌన్సెలింగ్ ఉచితం, దుబాసీ ఉంటారు. మెడికేర్ కార్డు లేదని ఆగిపోనక్కర్లేదు. వేరే రాష్ట్రంలో ఇదే పరిస్థితిలో ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే, సిడ్నీలో స్టార్ట్స్, బ్రిస్బేన్‌లో క్యూపాస్ట్ అదే పని చేస్తాయి.

మీ మరిదికి ఆ ఏజెంటు చెప్పింది వినొద్దనండి. స్వదేశంలో ప్రాణభయం నిజంగా ఉంటే ఎవరైనా దరఖాస్తు పెట్టాల్సిందే, అది హక్కు. లేనిది ఉన్నట్టు రాయిస్తే ముందు కనిపించేది పనిహక్కున్న బ్రిడ్జింగ్ వీసా, తర్వాత కనిపించేది వేరు. భారతీయుల నుంచి వచ్చే ఈ దరఖాస్తుల్లో అత్యధిక భాగం తిరస్కరణకే గురవుతున్నాయి. 2023 అక్టోబరులో విధానం మార్చి, కొత్తగా వచ్చినవాటినే ముందు తేల్చేస్తున్నారు, కాబట్టి ‘ఏళ్ల తరబడి’ అన్న లెక్క కూడా పాతది. తిరస్కరణ అయ్యాక 48వ సెక్షన్ కింద, దేశంలో ఉండి వేరే వీసాల్లో చాలావాటికి వేయలేడు. ట్రైబ్యునల్‌కి వెళ్లి ఓడితే రెండు వేల డాలర్లకు పైగా ఫీజు బాకీ పడతాడు. రేపు కెనడాకో అమెరికాకో వేసినా ‘ఎప్పుడైనా వీసా తిరస్కరించారా’ అన్న గడిలో అవునని రాయాలి. అనుమతి తీసుకోకుండా ఇండియా వెళ్తే తిరిగి రాలేడు, ప్రాణభయమని రాసినవాడు సెలవులకు ఊరెళ్లొస్తే ఆ కేసు అక్కడితో సరి. ఇలాంటి కాగితాలు కుప్పలుగా పడబట్టే నిజంగా పారిపోయి వచ్చినవాళ్ల వంతు ఇంకా వెనక్కి పోతోంది. స్టూడెంట్ వీసా ముగియడానికి ఇంకా రోజులున్నాయి గనుక, ఆ ఏజెంటుకి ఇవ్వబోయే డబ్బుతో ఒక గంట మంచి మైగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. పాస్‌పోర్టు, కాలేజీ నమోదు పత్రం, ఇప్పటిదాకా వచ్చిన వీసా ఉత్తరాలన్నీ పట్టుకెళ్లాలి. ఏజెంటు ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టించుకుని ఉంటే ఆ కాపీ కూడా.